రేవుగోడ మీద పడవ పేరు

అట్లాంటిక్ సముద్రం నడుమ, పోర్చుగల్ వారి అజోర్స్ దీవుల్లో హోర్తా అనే చిన్న రేవు ఉంది. ఎదురుగా 2,351 మీటర్ల పీకో కొండ. సముద్రం దాటే పడవలవాళ్ళు ఇక్కడ గోడమీద తమ పడవ పేరు రాయకుండా వెళితే కీడని నమ్మకం.

నేను చూసిన ఉదయం ఒక ముసలి దంపతులు రంగుడబ్బాతో కూర్చున్నారు. ఉద్యోగాల నుంచి రిటైరయి, ఇల్లు అమ్మి, 12 ఏళ్ళుగా తెరచాప పడవలోనే కాపురమట!

"రాత్రిళ్ళు భయం వెయ్యదా?" అన్నాను.

"వంతులవారీగా మేలుకుంటాం. ఆయన మేలుకుంటే నాకు నిశ్చింత," అన్నదావిడ. కాస్త ఆగి, "ఇప్పుడాయనకు రాత్రిపూట చూపు ఆనడం లేదు. ఇంటికి చేరగానే పడవ అమ్మేస్తాం," అన్నది.

గోడమీద పాత అంకెలు వెలిసిపోయి ఉన్నాయి: 2012, 2015, 2019. వాటి కింద ఆయన 2024 అని రాయబోతే చెయ్యి వణికింది. ఆవిడ మణికట్టు పట్టుకున్నది.

అంకెలు తిన్నగానే పడ్డాయి.