తలూపుడు, ప్రశ్న

ఇంగ్లిష్ టీచర్లంతా ఒకచోట చేరితే ఏం మాట్లాడుకుంటారు? గ్రామర్, ప్రొనన్సియేషన్, పిల్లల మార్కులు అనుకున్నాను. ఈమధ్య సిటీలో జరిగిన ఒక ఇంగ్లిష్ టీచర్ల సదస్సుకి వాలంటీర్‌గా వెళ్లాను. మీర్‌పేట్ నుంచి పొద్దున్నే బస్సెక్కడం, రెండు రోజులు ప్రొజెక్టర్లు, మైకులు చూసుకోవడం, ఇదే నా డ్యూటీ. తీరా చూస్తే అక్కడ అన్నిటికంటే ఎక్కువ వాదన తెలుగు గురించే నడిచింది. ఇంగ్లిష్ క్లాసులో తెలుగు మాట్లాడొచ్చా, కూడదా?

నాకైతే ఆ ప్రశ్నకి జవాబు చిన్నప్పుడే చెప్పేశారు. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్. క్లాస్ లీడర్ దగ్గర పేర్ల లిస్టు ఉండేది. ఆ భయంతో కొందరికి ఇంగ్లిష్ వచ్చిందేమో గానీ, చాలామందికి మాత్రం నోరు మూసుకుని కూర్చోవడం బాగా అలవాటైంది.

ఆ రూల్‌కి పెద్ద చరిత్రే ఉందని సదస్సులో ఒక సెషన్ విన్నాక తెలిసింది. 1961లో ఉగాండాలోని మకెరెరెలో కామన్వెల్త్ దేశాల ఇంగ్లిష్ బోధన మీద ఒక సదస్సు జరిగింది. అక్కడ బలపడిన నమ్మకాలను రాబర్ట్ ఫిలిప్సన్ అనే భాషావేత్త 1992లో ఒక పుస్తకంలో ఐదుగా విడదీసి చూపించాడు. ఇంగ్లిష్‌ని ఇంగ్లిష్‌లోనే చెప్పాలి, అది మాతృభాషగా ఉన్నవాళ్లే మంచి టీచర్లు, ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది, ఎంత ఎక్కువ చెప్తే అంత మంచిది, వేరే భాషలు వాడితే ఇంగ్లిష్ స్థాయి పడిపోతుంది. ఈ ఐదూ అపోహలేనని ఆయన వాదన.

అదే మకెరెరెలో తర్వాతి ఏడాది, 1962లో, ఇంగ్లిష్‌లో రాసే ఆఫ్రికన్ రచయితల సభ జరిగింది. అప్పటికి ఇంకా స్టూడెంట్‌గా ఉన్న గూగీ వా థియాంగో దానికి వెళ్లాడు. కెన్యాలో ఆయన చదివిన రోజుల్లో స్కూల్లో గికుయు మాట్లాడిన పిల్లల్ని కొట్టేవారు, మెడలో అవమానించే పలకలు వేలాడదీసేవారు. తర్వాత్తర్వాత ఆయన నవలలు గికుయులోనే రాశాడు. అది చదివినప్పుడు మా క్లాస్ లీడర్ లిస్టు గుర్తొచ్చింది. అంత దూరంలో, అన్నేళ్ల క్రితం కూడా అదే లిస్టు!

వాదన ఒకవైపే నడిచిందనుకోకండి. "మా పిల్లలు ఇంగ్లిష్ వినేది ఆ ఒక్క పీరియడ్‌లోనే. అది కూడా తెలుగులో నడిపిస్తే ఇంకెక్కడ వింటారు?" అని ఒక సార్ అడిగారు. న్యాయమైన మాటే. దిల్‌సుఖ్‌నగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులు చూస్తూ పెరిగినవాళ్లకి ఆ భయం తెలుసు. ఇంటర్వ్యూలో తెలుగు నడవదు.

టీ బ్రేక్‌లో నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక గవర్నమెంట్ స్కూల్ మేడమ్ తన బ్యాగులోంచి సైన్స్ పుస్తకం తీసి చూపించారు. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం తెచ్చినప్పుడు రెండు భాషల పుస్తకాలు కూడా ఇచ్చారు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని అడిగారు.

"సీఎస్ఈ, మేడమ్."

"అయితే నీకు తెలుస్తది. ఈ పేజీ చదివిస్తే మా పిల్లలు తలూపుతరు. ఆ పేజీ చదివిస్తే ప్రశ్న అడుగుతరు."

ఆమె చెప్పింది మా క్లాసులో కళ్లారా చూశాను. రికర్షన్ చెప్పిన రోజు, ఫంక్షన్ తనని తాను కాల్ చేసుకుంటుందని సార్ ఇంగ్లిష్‌లో చెప్తే అరవై తలలూ ఊగాయి. అదే ముక్క తెలుగులో మళ్లీ చెప్పగానే వెనక బెంచీ నుంచి ఒకడు, "సార్, మరి అది ఎక్కడ ఆగుతది?" అన్నాడు. బేస్ కేస్ లేకపోతే రికర్షన్ ఆగదు, ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది. టాపిక్‌లో అసలు సంగతి అదే. అది బయటికొచ్చింది వాడి ప్రశ్నతోనే. ఆ తర్వాత వాడు కోడ్ రాశాడు, ల్యాబ్ వైవాలో ఇంగ్లిష్‌లోనే జవాబు చెప్పాడు. తెలుగులో అడిగినందుకు వాడి ఇంగ్లిష్ ఏమీ తగ్గలేదు.

ఆ సార్ భయం, ఈ మేడమ్ అనుభవం రెండూ నిజమే. ప్రాక్టీసుకి ఇంగ్లిష్ ఉండాల్సిందే, అదీ రోజూ. కానీ డౌట్ పుట్టే భాష మీద ఫైన్ వేస్తే ముందు ఆగిపోయేది డౌటే. అడగనివాడు ఏ భాషలోనూ నేర్చుకోడు.

మా బ్యాచ్ వాళ్లం శనివారాలు ల్యాబ్ అయ్యాక జూనియర్లకి సీ ప్రోగ్రామింగ్ డౌట్లు చెప్తున్నాం. తెలుగు మీడియం నుంచి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మొహమాటపడకుండా రండి. తెలుగులో అడగండి, ఉర్దూలో అడగండి, సగం సగం కలిపి అడగండి. జవాబు ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో కలిసి కూర్చుని చూద్దాం.