పేరు పెట్టి చెప్పుకుందాం

రండి, పొగ మీ మొహాన కొట్టకుండా ఇట్లా ఈ పక్కన కూర్చోండి. ఇది ఆళ్లగడ్డ పక్క పల్లెలో మా అక్కావాళ్ల వాకిలి. సంక్రాంతి వెళ్లి వారమే అయింది. పొద్దు గుంకితే చాలు, నల్లమల వైపు నుంచి చలి దిగుతుంది. బావ కందికట్టె, పాత వాసం ముక్కలు పోగేసి నెగడు వేశాడు. మంట చుట్టూ బావ, పిల్లలు, నేను, ఇప్పుడు మీరు. అక్క మాత్రం అవతల అరుగు మీద, దుప్పటి కప్పుకుని, మాస్కు పెట్టుకుని కూర్చుంది. అక్కడి నుంచే మా మాటల్లో మాట కలుపుతోంది. అక్కకు కోవిడ్ మళ్లీ వచ్చింది. మాకు తెలిసినంతలో ఇది నాలుగోసారి.

ఇంకా కోవిడ్ ఏమిటి, అది ఎప్పుడో పోయింది కదా అంటారేమో. సరిగ్గా ఆ మాట గురించే మీతో మాట్లాడాలని ఉంది.

పోయినవి ఆంక్షలు. విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం పెట్టిన కోవిడ్ నిబంధనలు 2022 మార్చి 31తో ముగిశాయి. నాలుగు రోజులకు, ఏప్రిల్ 4న, కర్నూలు జిల్లా నుంచి విడివడి నంద్యాల జిల్లా పుట్టింది. ఆంక్షలు పోయి ఎన్నేళ్లయిందంటే నేను మా జిల్లా వయసు చెప్తాను, రెండూ ఒకటే కాబట్టి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ ముప్పు పోలేదని అదే రోజు, అదే నోటితో చెప్పింది. మన చెవికి మొదటి మాటే ఎక్కింది.

అక్కకు మొదటిసారి వచ్చింది 2020 ఆగస్టులో. పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కాలుస్తోంది. పెనం మీద రొట్టె నల్లగా మాడి పొగలు వస్తున్నా కదలడం లేదు. బావ వాకిట్లోంచి "ఏమే, రొట్టె మాడిపోతాంది, వాసన రాలేదా?" అని అరిచాడు. అక్క రొట్టె తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంగువ డబ్బా తెరిచి వాసన చూసింది. ఏమీ లేదు. ఆ డబ్బా చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయిందట. వాసన తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది. వచ్చాక కూడా కాఫీ మరుగుతుంటే మురుగు కంపులా ఉందని కొన్నాళ్లు కాఫీ మానేసింది.

ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ ఏడాది ఏప్రిల్ ఆఖరుకే రాష్ట్రంలో అన్ని జిల్లాల కంటే ఎక్కువ కేసులు మా ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే. ఒక ఇంట్లో పరీక్ష పాజిటివ్ వస్తే వీధికి అడ్డంగా వెదురు కర్రలు కట్టేవాళ్లు, గడపలో బ్లీచింగ్ చల్లేవాళ్లు. అక్కను అంబులెన్సు ఎక్కించుకుపోతుంటే వీధంతా కిటికీల సందుల్లోంచి చూసింది. తిరిగొచ్చాక కూడా పాలమ్మాయి నెల రోజులు ఆ వాకిలి తొక్కలేదు. ఆమెను తప్పు పట్టలేం, ఆమె ఇంట్లోనూ పిల్లలున్నారు. కానీ ఆ నెల అక్క మనసులో ఒకటి నాటుకుంది: ఈ రోగం వస్తే పేరు బయటికి రానీయకూడదు.

ఆ భయం మా అక్కదొక్కటే కాదు. కర్రలు పీకేశారు, బ్లీచింగ్ వానకు కొట్టుకుపోయింది, దాపరికం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు ఎవరినైనా అడగండి. "పడిశం పట్టింది", "వైరల్ అంట", "నీళ్లు మారినాయి", "మంచు పడలా". ఇన్ని పేర్లున్నాయి, ఆ ఒక్క పేరు తప్ప. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు అక్కకు రెండోసారి వచ్చింది. 2025 జూన్‌లో, దేశం మొత్తమ్మీద కేసులు మళ్లీ ఏడు వేలు దాటిన వారాల్లో, మూడోసారి. ఆ మధ్య మూడేళ్లలో వచ్చిన వైరల్ జ్వరాల్లో ఎన్ని ఇదేనో ఎవరూ పరీక్ష చేయించింది లేదు.

ఈసారి నేను నంద్యాల నుంచి వస్తూ ఇంట్లో చేసుకునే పరీక్ష కిట్టు తెచ్చాను. ముక్కులో పుల్ల తిప్పి, గొట్టంలోని నీళ్లలో కలిపి, బిళ్ల మీద చుక్కలు వేసి పదిహేను నిమిషాలు చూశాం. పైన ఒక గీత వెంటనే పడింది. రెండోది, పెన్సిల్‌తో గీసినంత పలచగా, తొమ్మిదో నిమిషంలో కనపడింది. అక్క కళ్లజోడు పెట్టుకుని దాన్ని దీపం దగ్గరికి పట్టింది. "రేయ్, ఎవురికీ చెప్పాకు," అంది నాతో. ఆ మాటకు నాకు ప్రాణం ఉసూరుమంది.

బావ అడిగాడు, ఒకసారి వచ్చిందానికి మళ్లీ మళ్లీ ఎట్లా వస్తుందని. తట్టు ఒకసారి పోస్తే మళ్లీ పోయదు కదా, అట్లాంటిదే ఇదీ అనుకున్నాడు. ఆయన పత్తి రైతు కాబట్టి పత్తి మాటే చెప్పాను. బీటీ విత్తనం కొత్తగా వచ్చినప్పుడు కాయలో పురుగు కనపడలేదు. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు దానికి అలవాటు పడి కాయను తొలిచేసింది. వైరస్ కూడా మన రక్తంలోని ప్రతిరక్షకాలు గుర్తుపట్టే ముళ్ల ఆకారాన్ని మార్చుకుంటూ పోతుంది. 2021 నవంబరులో ఒమిక్రాన్ బయటపడింది, 2023 చివరికి జేఎన్.1, ఆ తర్వాత దాని పిల్లలు. పైగా టీకాతో వచ్చినా, జబ్బుతో వచ్చినా, ఆ ప్రతిరక్షకాలు కొన్ని నెలలకు పలచబడతాయి. ఊపిరితిత్తుల దాకా పోనీయకుండా ఆపే లోపలి కాపుదల మాత్రం చాలాకాలం నిలుస్తుంది. అందుకే 2021 మేలోలా ఇప్పుడు ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఊళ్లు తిరగాల్సిన పని లేదు. అది చిన్న సంగతి కాదు, ఆ మే నెల చూసినవాళ్లకు తెలుసు.

అట్లాగని ప్రతిసారీ లెక్క సున్నా నుంచి మొదలవుతుందనుకోకండి. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల రికార్డులు తీసి, 2022 నవంబరులో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకసారి వచ్చినవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు, రెండు అంతకంటే ఎక్కువసార్లు వచ్చినవాళ్లు దాదాపు నలభై వేలు. రెండోసారి వచ్చినవాళ్లలో గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, చక్కెర జబ్బుల ముప్పు ఒకసారితో ఆగినవాళ్లకంటే ఎక్కువగా కనపడింది. వాళ్లలో ఎక్కువమంది వయసు మీరిన మగవాళ్లు, కాబట్టి ఆ అంకెలు అందరికీ అట్లాగే వర్తించవు. అయినా దారి ఎటో తెలుస్తోంది: ఎన్నిసార్లు తప్పించుకుంటే అంత మంచిది.

కొందరికి కోవిడ్ వచ్చిపోయాక కూడా బాధలు నెలల తరబడి వదలవు. దానికి పేరు పెట్టింది ఎవరో చెప్పనా? వైద్యులు కారు. ఇటలీలో ఎలీసా పెరేగో అనే పురావస్తు పరిశోధకురాలు, తనకే జబ్బు తగ్గక, 2020 మేలో లాంగ్ కోవిడ్ అని రాసింది. లోకమంతా ఆ పేరే పట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దానికి నిర్వచనం రాసింది: జబ్బు మొదలైన మూడు నెలలకు కూడా ఉండి, కనీసం రెండు నెలలు సాగి, వేరే కారణం తేలని బాధలు. రోగులు పేరు పెట్టి పిలిచాకే వైద్యం అటు చూసింది. నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒకాయన మాకు బాగా కావలసినవాడు. ఆ వీధిలోకి అడుగుపెడితే తెల్లారినప్పటి నుంచి ఉలి చప్పుడే. రెండోసారి కోవిడ్ వచ్చి పోయాక ఆయన ఉలి చప్పుడు మారింది. పది దెబ్బలు, ఆగడం. మళ్లీ పది, మళ్లీ ఆగడం. ఒకరోజు ఒంట్లో బాగుందని పొద్దస్తమానం పని చేస్తే రెండు రోజులు మంచం దిగలేకపోయేవాడు. దగ్గు ఉంటే రాతి దుమ్ము అన్నారు, ఆయాసం ఉంటే టెన్షన్ అన్నారు. ఒకచోట సెలైన్ ఎక్కించి, ఇంజెక్షను వేసి పంపించేశారు. చివరికి ఆయన పెద్ద కోడలు పట్టుబట్టి సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్లి కళ్లె పరీక్ష చేయించింది. రెండు వారాలు దాటిన దగ్గుకు అది తప్పనిసరి, ఉచితం కూడా. క్షయ లేదని తేలింది, ఎక్స్‌రేలో దుమ్ము జబ్బూ కనపడలేదు. వేరే కారణాలు ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చాక అక్కడి డాక్టరమ్మ చెప్పిందట: అలసట మొదలవకముందే పని ఆపు, అయ్యాక కాదు.

ఇప్పుడాయన మొరటు పని కొడుక్కి వదిలేశాడు. ఉదయం రెండు గంటలు పీట మీద కూర్చుని విగ్రహాలకు కళ్లూ పెదవులూ తీరుస్తాడు. మొన్న నేను వెళ్లేసరికి ఒక నరసింహస్వామి కనురెప్ప మీద ఉన్నాడు. చిన్న ఉలి, తడిగుడ్డ, గోరంత రాతి పొడి. మధ్యలో ఆపి గుడ్డతో తుడిచి, వెనక్కి ఆనుకుని ఊపిరి తీసుకుని మళ్లీ వంగాడు. అది చూసి ఇంట్లో ఎవరూ సోమరితనం అనడం లేదు. మందులు ఎంత పని చేశాయో తెలీదు గానీ, ఇంటివాళ్లు ఆయన బాధను నమ్మడం పని చేసింది.

ఇదిగో, ఈ మంట పొగ చూడండి. వాకిట్లో కాబట్టి లేచి చెదిరిపోతోంది. ఇదే పొగ గదిలో తలుపులేసి పెడితే గంట తర్వాత కూడా కళ్లు మండుతాయి. రోగి ఊపిరీ అంతే. గాలిలో కలిసి తిరుగుతుంది, గాలి ఆడితే పలచబడుతుంది. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా వచ్చే బస్సులో చలికాలం అద్దాలన్నీ మూసేస్తారు. నేను నా అద్దం జానెడు తీసి, వెనక సీటు పెద్దమ్మకు నా శాలువా ఇస్తానన్నాను. "వద్దులే నాయనా, తీయి, నాకూ ఊపిరాడనట్టుంది" అంది ఆమె.

మిగిలినవి మీకు తెలిసినవే, అయినా చెప్తాను. జ్వరం తగ్గి ఒక రోజు గడిచేదాకా ఇంట్లో ఉండటం, తర్వాత ఐదు రోజులు మాస్కు. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. ఎవరో రాసిచ్చారని స్టెరాయిడ్ మింగకండి, 2021లో బ్లాక్ ఫంగస్ ఎట్లా కమ్ముకుందో చూశాం, షుగరున్న ఇళ్లలో మరీ. అప్పట్లో కొన్న ఆక్సీమీటర్ బీరువా అరలో ఉంటుంది, తీసి బ్యాటరీ మార్చి పెట్టుకోండి. 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి అనిపించినా ఆస్పత్రికి పోవాలి.

అక్కకు ఒకే దిగులు. ప్రతి ఏడూ ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దాకా నడిచి ఎక్కేది. రెండేళ్లుగా భవనాశి ఒడ్డున రాయి మీద కూర్చుని మమ్మల్ని పంపిస్తోంది. కానీ కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామే పల్లకి ఎక్కి, తన పెళ్లికి పిలవడానికి నలభై రోజుల పైన ఊరూరూ తిరుగుతాడు.

ఈ సాయంత్రం పల్లకి ఈ వీధికే వచ్చింది. అక్క జనంలోకి పోలేదు, అరుగు మీది నుంచే చేతులు జోడించింది. ఎదురింటి కోడలు వీధిలోంచి కేకేసింది: "ఏం పెద్దమ్మా, మూతికి మాస్కేంది? స్వామి దగ్గరికి రాలేదే?"

అక్క నా వైపు చూసింది. నేనేమీ అనలేదు.

"కోవిడ్ మళ్లా వచ్చింది మే," అంది అక్క, వీధికి వినపడేట్టుగా. "నిన్ననే పరీక్ష చేసుకున్యాం."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. తర్వాత పల్లకి దగ్గరికెళ్లి కొబ్బరి చిప్ప, తులసి తెచ్చి, అరుగు చివర మెట్టు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. "రేపు నీకు జొన్నరొట్టెలు నేను పంపిస్తా పెద్దమ్మా, నువ్వు పొయ్యి దగ్గరికి పోవాకు," అంది.