రెండు వేలు దాటేదాకా

నవంబరు 4, 2024. సోమవారం

ఊరి రోడ్డు హైవే ఎక్కేచోట మళ్లీ అదే. యాక్సిలరేటరు తొక్కాను. ఏమీ లేదు. పూర్తిగా తొక్కాను. అయినా లేదు. ఆళ్లగడ్డ వైపు నుంచి లారీ హారను కొట్టుకుంటూ వచ్చేస్తోంది. అప్పుడు దూకింది, ఒక్కసారిగా. బడి చేరేదాకా చేతుల చెమట ఆరలేదు. ఎనిమిదో తరగతికి ఏం పాఠం చెప్పానో.

నవంబరు 6

ఆయనతో ఫోన్లో చెప్పాను. "క్లచ్ మీద కాలు పెట్టి తోలుతాంటావు నువ్వు" అన్నాడు. బెంగళూరులో కూర్చున్న మనిషికి నా కాలు ఎట్లా కనపడిందో!

క్లచ్ జారితే ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది, బండి లేవదు. ఇక్కడ ముల్లే లేవడం లేదు. రెండు వేలు దాటేదాకా బతిమాలుకోవాల. ఈ మాట చెప్పేలోపలే మీటింగుందని పెట్టేశాడు.

మామేమో, డీజిల్ కల్తీ అంటాడు.

నవంబరు 9. రెండో శనివారం

నంద్యాల. మెకానిక్ తాళాలు తీసుకొని తనే తోలాడు. మామ ముందు సీట్లో, నేను వెనక. సదరంగా ఉన్న రోడ్డు, తక్కువ దూరం, మెల్లగా. "ఏం లే మేడం, బానే ఉంది." డీజిల్ ఫిల్టరు విప్పితే అడుగున కొంచెం నీళ్లు. అది మార్చాడు. ఎయిర్ ఫిల్టరు దులిపితే అంతా నల్లరేగడి దుమ్మే. అదీ మార్చాడు. బిల్లు నాకిచ్చాడు. మాట మాత్రం మామతో: "పెద్దాయనా, మేడం గేరు ల్యాటుగా మార్చుతాండారు."

వచ్చేటప్పుడు శిరివెళ్ల మెట్ట దగ్గర మళ్లీ ఆగినట్టై కదిలింది. మామ కిటికీలోంచి పత్తిచేలు చూస్తున్నాడు.

నవంబరు 11. కార్తీక సోమవారం

మహానంది. అత్తా మామా, చిన్నత్త, ఆమె కూతురు. అయిదుగురం ఎక్కేసరికి ఇంకా మొండికేసింది. ఆటో అతను పక్కకొచ్చి "అక్కా, నల్లపొగ!" అని వెనక్కి చేయి చూపించి పోయాడు. తోలేదాన్ని నేనే అయితే వెనక పొగ నాకెట్లా కనపడుతుంది.

కోనేటి దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. అత్త మెట్ల మీద ఆగి, ఊపిరి కూడదీసుకొని, "నీ బండికీ నా మాదిరి ఆయాసమే పట్టిండాదే" అంది.

గాలి. గాలే కదా చాలనిది? ఫిల్టరు కొత్తది. మరి యాడ పోతోంది?

నవంబరు 14

బడిలో పిల్లల పండగ. సాయంత్రం ఆళ్లగడ్డలో స్కానరున్న పిల్లోని దగ్గరికి. స్టీరింగు కింద వైరు గుచ్చాడు. పీ0299. "టర్బో పోయింది మేడం. కొత్తది వేయాల." ధర చెప్పాడు. ఈ నెల జీతం నాది కాదన్నమాట.

ఉండాల్సినంత గాలి ఒత్తిడి లేదు, అంతవరకే ఆ నంబరు అంటోంది. ఎందుకు లేదో అనడం లేదు. సైలెన్సరుకు పోయే వేడి గాలితో తిరిగి, టర్బో కొత్త గాలిని కూరుతుంది. అది సరిగ్గానే కూరుతుండొచ్చు. దారిలో పోతుంటే?

ఆలోచించి చెప్తానన్నాను. పిల్లోడికి నచ్చలేదు. రాత్రి ఆయన: "వేయించేయ్, డబ్బులు పంపిస్తా." నేను డబ్బులడిగానా?

నవంబరు 17. ఆదివారం

ఆళ్లగడ్డలోనే. శిల్పాలు చెక్కే కొట్లు దాటాక ముసలి సాయబు షెడ్డు. "నువ్వే తోలమ్మా" అని పక్కన కూర్చున్నాడు. ఉలి చప్పుళ్లు వినపడనంత దూరం పోనిచ్చాడు. ఏసీ ఆపించాడు. అద్దాలు దించమన్నాడు. "మూడో గేరులో నిదానంగా రా... ఇప్పుడు తొక్కు. పూర్తిగా."

సుయ్‌మంది. నేనూ విన్నాను. ఇన్నాళ్లూ అద్దాలెత్తుకొనే కదా తిరిగింది.

బానెట్ ఎత్తి గొట్టాల అడుగున చేత్తో తడిమాడు. ఒకచోట నూనె తడి, దానికంటుకున్న దుమ్ము. ఇంటర్‌కూలరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం. క్లిప్పు పక్కన చీలిక. వంచితే గానీ కనపడలేదు. బండి బరువు లాగేటప్పుడు, లోపల గాలి నిండితేనే తెరుచుకుంటుందట. సెన్సారు కొలిచిన గాలి మధ్యలోనే బయటికి పోతోంది, డీజిల్ మాత్రం ఆ కొలత ప్రకారమే పడుతోంది. అందుకే ఆ పొగ. టర్బో దగ్గరి గొట్టమూ ఊడదీసి దాని చక్రాన్ని వేలితో ఊపి చూశాడు. గట్టిగానే ఉంది.

"ఎన్నాళ్ల నుంచి చెప్తాండావమ్మా ఇది?"

ఎన్నాళ్లని చెప్పాల. గొంతు ఎందుకు పట్టేసిందో. గొట్టానికా?

నవంబరు 19

మధ్యాహ్నం సెలవు పెట్టాను. గొట్టం నంద్యాల నుంచి వచ్చింది. క్లిప్పులూ కొత్తవి. గాలి కొలిచే సెన్సారు మీద స్ప్రే కొట్టి కడిగాడు. ఎగువ అహోబిలం దాకా ఎక్కి చూసుకో, అన్నాడు.

ఒక్కదాన్నే పోయాను. దిగువ నుంచి ఎక్కేటప్పుడు మలుపు మలుపుకూ కాలు ఆనించేలోపలే... అబ్బ. పైన దండం పెట్టుకొని, కిందికి దిగి, మళ్లీ ఎక్కాను. డీజిల్ దండగ. అయినా.

నవంబరు 21

మామను నంద్యాల కంటాసుపత్రికి తీసుకుపోయాను. హైవే ఎక్కేచోట లారీ రాకముందే దాటేశాం. "ఇప్పుడు నీకు తోలేది పట్టుబడిందమ్మా" అన్నాడు, మెచ్చుకోలుగా. చీలిన గొట్టం మొన్న మామ చేతికే ఇచ్చి చూపించాను.

నవంబరు 24. ఆదివారం

ఆయన వచ్చాడు. పొద్దున్నే ఒక రౌండు తోలి వచ్చి, "బానే ఉందే, ఏమైందని అంత గోల?" అన్నాడు. గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టాను. వంచాడు. చీలికలో వేలు పెట్టి చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత కాఫీ అడిగాడు.

నవంబరు 27

ఎడమకు పూర్తిగా తిప్పితే ముందు చక్రం దగ్గర టక్ టక్. కుడికి తిప్పితే లేదు. అద్దాలు దించుకొని రెండువైపులా విన్నాను.

ఇంట్లో చెప్పలేదు. ఆదివారం ఆళ్లగడ్డకు పోవాల.