ప్రైజ్ డే జాబితాలో ఎవరుండాలి?

మా మిషన్ హైస్కూల్లో ప్రైజ్ డేకి ముందు రెండు జాబితాలు తయారవుతాయి. మార్కుల జాబితాను రిజిస్టరే తేల్చేస్తుంది. ఎవరూ అడక్కుండా సమాజానికి పనికొచ్చిన పిల్లల జాబితా మాత్రం మనుషులు తేల్చాలి. గుంటూరులో సోషల్ టీచరుగా చేస్తున్న నాకు ఆ రెండో జాబితా అప్పగించి చాలా ఏళ్లయింది.

మొదట్లోనే మా చర్చి అయ్యగారు ఒక ప్రశ్న వేశారు. "గుట్టుగా చెయ్యమన్న పనికి స్టేజీ మీద సన్మానమేమిటమ్మా?" న్యాయమైన ప్రశ్నే. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో, చేసిన ధర్మాన్ని చాటుకోవద్దని క్రీస్తు గట్టిగా చెబుతాడు. కానీ దానికి ముందటి అధ్యాయంలో, అదే కొండమీది ప్రసంగంలో, మీ మంచి పనులు నలుగురి కంటా పడనివ్వమని కూడా ఆయనే అంటాడు. ఈ రెండు మాటలూ కలిపి చదివాక నాకొక దారి దొరికింది. పిల్లను పొగడకూడదు, పిల్ల చేసిన పనిని చెప్పాలి. అందుకే మా స్టేజీ మీద "ఫలానా అమ్మాయి సేవామూర్తి" అని ఎవరం చదవం. ఏం చేసింది, ఎవరికోసం చేసింది, అవతలివాళ్లకు ఏం ఒరిగింది, అంతే చదువుతాం. ఫస్టు, సెకండు, థర్డు ఉండవు. షీల్డు ఉండదు. ఒక మంచి పుస్తకం, హెచ్‌ఎం గారి సంతకంతో ఇంటికి ఒక ఉత్తరం. ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించుకున్న కూలీ తండ్రులు నాకు తెలుసు.

అన్ని సేవల్లోకీ నాకు ఎక్కువ గౌరవం ఉన్నది స్క్రైబ్ పనిమీద. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో చూపులేని విద్యార్థి జవాబు చెబుతుంటే రాసిపెట్టడానికి మనిషి కావాలి. ఆ రాసేవాళ్లు కింది తరగతి వాళ్లై ఉండాలన్నది నియమం. కాబట్టి మా తొమ్మిదో తరగతి పిల్లల అవసరం పడుతుంది. పైకి తేలిగ్గా కనిపించే పని ఇది. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. అన్ని గంటలు ఎదుటివాళ్ల ఆలోచన వేగానికి చెయ్యి కలపాలి. ప్రశ్నను తొందరపడకుండా చదివి వినిపించాలి, పటం ఉంటే అందులో ఏముందో మాటల్లో చెప్పాలి. అందుకే నెల ముందునుంచీ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి పాత పేపర్లతో రాయిస్తాం. ఒకరి గొంతు ఒకరికి అలవాటు కావాలి. లెక్కల పేపర్లో బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఎలా చెప్పుకోవాలన్నది వాళ్లిద్దరూ ముందే ఒప్పందం చేసుకోవాలి.

అన్నిటికన్నా కష్టం, చెప్పింది చెప్పినట్టు రాయడం. ఎదుటివాళ్లు తప్పు చెబుతున్నారని తెలిసినా దిద్దకూడదు. ఒకసారి ఒక తల్లి మా అమ్మాయిని పట్టుకుని, "మావాడికి నాలుగు మార్కులొచ్చేలా చూడమ్మా" అని బతిమాలిందట. "అన్నకు అన్నీ వచ్చు ఆంటీ, నేను గబగబా రాస్తే చాలు" అందట ఈ పిల్ల. ఆ సంగతి నాకు చెప్పింది ఆ అబ్బాయే. పరీక్ష రాసినవాడి పరువును కాపాడిన మాట అది. జాలిపడి దిద్దివుంటే వాడి చదువును చిన్నచేసినట్టే అయ్యేది. ప్రేమ, సత్యం ఒకచోట ఉండాలని మేం ప్రార్థన అసెంబ్లీలో ఎన్నిసార్లో చెప్పివుంటాం. పద్నాలుగేళ్ల పిల్ల దాన్ని చేసి చూపించింది. ఆ ఏడు జాబితాలో మొదట రాసిన పేరు ఆమెదే.

నా రిజిస్టరులో మూడు గడులుంటాయి: ఏం చేశారు, ఎవరికి చేశారు, ఎవరు చూశారు. మూడో గడి నిండకపోతే నేనే వెళ్లి కనుక్కుంటాను. ఫొటోను సాక్ష్యంగా తీసుకోను. పొట్లం అందుకుంటున్న మనిషి ముఖం ఫొటోలో పడితే ఆ మనిషికి తలవంపులు, పిల్లలకు చెడ్డ అలవాటు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిల్లలు వెళ్తామన్నారు. వరదనీళ్లలోకి పిల్లల్ని పంపే పని లేదని ఆపాం. వాళ్లే ఇంకో దారి కనిపెట్టారు. నోట్సులు తడిసిపోయిన అక్కడి పదో తరగతి వాళ్లకోసం సోషల్, బయాలజీ నోట్సులు చేత్తో తిరగరాశారు. పటాలు కూడా గీశారు. జిరాక్స్ తీయించొచ్చు కదా అన్నాను. చదివే వాళ్లకు అర్థమయ్యేలా పెద్ద అక్షరాలతో రాస్తామన్నారు. పుస్తకాల మీద ఎవరూ తమ పేరు వేసుకోలేదు.

గంటలు లెక్కపెట్టి గుర్తింపు ఇచ్చే పద్ధతులు చాలా ఉన్నాయి. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో కాలేజీ విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఐర్లండ్‌లోని డెర్రీ డయాసిస్‌లో 2006లో మొదలైన పోప్ జాన్ పాల్ 2 అవార్డులోనూ కంచు, వెండి, బంగారు అంచెలున్నాయి. పెద్దపిల్లలకు అది సరిపోతుందేమో. హైస్కూల్లో మాత్రం గంటల లెక్క తీరికున్న పిల్లలనే గెలిపిస్తుంది. బడి వదలగానే తమ్ముణ్ణి చంకనేసుకోవాల్సిన ఆడపిల్లకు సాయంత్రం సేవాశిబిరానికి వచ్చే వీలెక్కడిది? అలాంటి ఒక అమ్మాయి, తమ్ముడితో సహా రోజూ పక్కింటికి వెళ్లి, పక్షవాతంతో మంచం పట్టిన మామ్మగారికి మాత్రలు వేళకు విడదీసి ఇచ్చేది. ఆ మామ్మగారి కొడుకు స్కూలుకొచ్చి చెబితే తప్ప మాకు తెలియలేదు.

ఆ అమ్మాయి ముస్లిం. క్రైస్తవ విలువల పేరుతో ఇచ్చే గుర్తింపు ఆమెకెలా ఇస్తారని ఒక పెద్దాయన అడిగారు. మంచి సమరయుడి కథలో గాయపడినవాణ్ణి ఎత్తుకున్నది యాజకుడు కాదు, లేవీయుడూ కాదు, వాళ్లు దూరం పెట్టిన జాతివాడు. ఈ కథ చెప్పుకునే బడికి అంతకు మించిన జవాబు అక్కర్లేదు. 1883లో గుంటూరు వచ్చి, 1930లో ఇక్కడే కన్నుమూసిన డాక్టరమ్మ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రిలో అన్ని మతాల ఆడవాళ్లూ పురుళ్లు పోసుకున్నారు. మా పిల్లలకు సేవ గురించి చెప్పేటప్పుడు నేను ముందు చెప్పేది ఆ ఆసుపత్రి గురించే. క్రీస్తు పేరు మీద చేసే సేవ అందుకోవడానికి మతం అడ్డు కానప్పుడు, చేయడానికి మాత్రం ఎందుకు అడ్డవుతుంది? ఆ ఏడు ఆ ఉత్తరం వాళ్లింటికి వెళ్లింది. వాళ్ల నాన్న దాన్ని చదివించుకోవడానికి మళ్లీ స్కూలుకే వచ్చాడు.

ఈమధ్య కొందరు తల్లిదండ్రులు సర్టిఫికెట్ల కోసం వస్తున్నారు. అమెరికా కాలేజీల్లో సీటుకు సమాజసేవ చూపించాలట. చేసిన పనికి చేసినంత రాసి ఇస్తాను. చెయ్యని దానికి ఎవరు చెప్పినా ఇవ్వను. దొంగ సర్టిఫికెట్ ఒక్కటి బయటికి వెళ్తే, నిజంగా చేసిన పిల్లల ఉత్తరాలకూ విలువ పోతుంది.

తోటి టీచర్లకు ఒక విన్నపం. పరీక్షలు దగ్గరపడ్డాక స్క్రైబ్ కోసం పరుగెత్తే చూపులేని పిల్లలు ప్రతి జిల్లాలోనూ ఉంటారు. మీ స్కూల్లో తొమ్మిదో తరగతి ఉంటే, సంక్రాంతి సెలవులు కాగానే దగ్గర్లోని అంధుల పాఠశాలకు వెళ్లి, మా పిల్లలు రాస్తారని మీరే చెప్పి రండి.