డబ్బా ఎవరి పేరు మీద ఉంది?

2020 జూన్‌లో మా ఊరింటికి ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి నిచ్చెన గోడకి ఆనించీ ఆనించకముందే అడిగాడు, "సార్ లేరా మేడం?" అని. సార్ అంటే మా తమ్ముడు. రొయ్యల గుంటల దగ్గరికి పోయున్నాడు. కనెక్షన్ కావాలని పట్టుబట్టింది నేను, డబ్బు కట్టింది నేను. కాలేజీ మూసేశాక తిరుపతిలో ఒక్కదాన్నే ఉండలేక అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పాలి. అయినా డబ్బా ఎక్కడ బిగించాలో చెప్పడానికి సార్ రావాల్సిందే. సార్ వచ్చాడు. ముందు గదిలో, టీవీకి పైన, తన మంచానికి చెయ్యి చాపితే అందేంత ఎత్తులో బిగించమన్నాడు.

నా ఆధార్ ఇస్తానన్నాను. "మీది తిరుపతి అడ్రస్ కదా మేడం" అన్నాడా అబ్బాయి. నిజమే. దాంతో తమ్ముడి ఆధార్, తమ్ముడి ఫోన్ నంబరు, ఓటీపీ వచ్చేది తమ్ముడికి. ఇందులో ఎవరి కుట్రా లేదు. ఇళ్ళల్లో చాలా సంగతులు ఇట్లాగే, ఏ కుట్రా లేకుండానే, మగవాళ్ళ పేరు మీదకి వెళ్ళిపోతుంటాయి.

మా ఊరు అల్లూరు నించి సముద్రం వైపు పోయే దారిలో ఉంది. బకింగ్‌హామ్ కాలవ దాటితే ఇసక దిబ్బలు, సరుగుడు తోపులు. ఇవతల వరి మళ్ళు, రొయ్యల గుంటలు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టి పొలుసులు పొలుసులుగా రాలుతుంటాయి. వానాకాలం వస్తే పాత టెలిఫోన్‌లో అవతలి మాటకంటే గరగరే ఎక్కువ వినిపించేది. ఫైబర్‌కి ఆ బాధ లేదు. అది వెంట్రుకంత గాజుపోగు, లోపల పోయేది వెలుతురు. తడికీ తుప్పుకీ అంత సులువుగా లొంగదుగానీ, మరీ వంచితే వెలుతురు దారి తప్పుతుంది. మరదలు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఆ సన్నటి పసుపు తీగ మేకు దగ్గర మడతపడి ఒకసారి నెట్ పోయింది. ఆ మడత విప్పి చేరెడు వెడల్పు చుట్టలా వదులుగా చుట్టి పెడితే మళ్ళీ వచ్చింది. రౌటర్ గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఆ గదిలో సరిగ్గా అదే గోడకి ఒకప్పుడు మా నల్ల టెలిఫోన్ ఉండేది. మీలో కొంతమందికి గుర్తుండే ఉంటుంది, డయల్ రంధ్రంలో బిగించే చిన్న తాళం. ఫోన్ వస్తే ఎవరైనా ఎత్తొచ్చు, చెయ్యాలంటే మాత్రం తాళం తియ్యాలి. తాళంచెవి నాన్న మొలతాడుకి ఉండేది. అమ్మ తన చెల్లెలితో మాట్లాడాలంటే, ఆవిడే చేసేదాకా ఎదురు చూడాలి. బిల్లు ఎక్కువొస్తుందని వేసిన తాళమే అది, అందులోనూ కుట్ర లేదు.

మాది మూరెడు మందం గోడల పాత మిద్దె. ముందు గదిలో పెట్టిన వైఫై నడవ దాటేసరికి నీరసించిపోయేది, వంటింట్లోకి వచ్చేది కాదు. ఫోన్‌లో రెండు పేర్లు కనిపించేవి, ఒకదాని చివర 5జీ అని. అది కొత్తది, గొప్పది అనుకుని అందరం దాన్నే పట్టుకు వేలాడాం. తీరా అది 5 గిగాహెర్ట్జ్ అని, ఫోన్ కంపెనీల 5జీకీ దానికీ సంబంధం లేదని తర్వాత తెలిసింది. (ఆ 5జీ మన దేశంలోకి వచ్చిందే 2022 అక్టోబరులో.) 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది, గోడ అడ్డమొస్తే ఆగిపోతుంది. 2.4 నెమ్మదిగా పోతుందిగానీ, గోడల్లోంచి కాస్త ఎక్కువ దూరం వస్తుంది. ఇనప బీరువా, నీళ్ళ డ్రమ్ము, పెద్ద అద్దం, ఫ్రిజ్ అన్నీ దానికి అడ్డే. మా ఇంట్లో ఈ నాలుగూ ముందు గదికీ వంటింటికీ మధ్యే ఉన్నాయి. డబ్బాని నడవలోకి మారిస్తే ఇల్లంతా వస్తుంది కదా అంటే, "గుంటల కాడి కెమెరాలు నేనీడ పండుకోని చూసుకోవాల. కదిలించబాకక్కా" అన్నాడు తమ్ముడు. తెల్లవారుజామున ఏరియేటర్ ఆగిపోతే గంటల్లో పంటంతా పోతుంది. కాదనలేకపోయాను.

ఆ గోడల మధ్య ఆడవాళ్ళం తలా ఒక చోటు వెతుక్కున్నాం. నేను నడవలో బీరువాకి ఇవతల. మరదలు వంటింటి గడప మీద, ఫోన్‌ని కొబ్బరిచిప్పల బుట్టకి ఆనించి. నెల్లూరులో డిగ్రీ చదివే మేనకోడలు పంచ మెట్ల మీద, దోమల్లో. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు 21 శాతం, మగవాళ్ళలో 48.8 శాతం అని వచ్చింది. ఆ సర్వే లెక్కన మరదలూ మేనకోడలూ ఇద్దరూ ఆ 21లోకే వస్తారు. ఏ గడప మీద కూర్చుని వాడారన్నది సర్వేకి అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆగస్టులో నా క్లాసులు తెగిపోవడం మొదలైంది. పొద్దున పది నించి పదకొండు. నేను మాట్లాడుతుండగా బొమ్మ బిగుసుకుపోయేది, పిల్లలు "వినిపించట్లేదు మేడం" అని రాసేవాళ్ళు. ఆ టైములోనే మేనకోడలికీ క్లాసు, మరదలు ఏదో కుట్టుపని వీడియో చూసేది. కేబుల్ అబ్బాయి మళ్ళీ వచ్చినప్పుడు నేనే అడిగాను, "ఆ గంటసేపూ మిగతా ఫోన్లకి ఆపడానికి కుదురుతుందా?" అని. కుదురుతుందన్నాడు. తమ్ముడి ఫోన్‌లో 192.168.1.1 అని కొట్టి, డబ్బా అడుగున చీటీ మీదున్న పాస్‌వర్డ్ వేసి, ఒక పేజీ తెరిచాడు. "ఇదిగో సార్, ఈ ఫోన్‌ని ఇక్కడ ఎక్కిస్తే కట్ అయిపోద్ది. తీసేస్తే మళ్ళీ వస్తది." అడిగింది నేను, చూపించింది సార్‌కి. నేను వెనక నిలబడి సంతోషించాను. నెల రోజులు తమ్ముడు పొద్దున్నే గుర్తుపెట్టుకుని అక్క కోసం ఆ ఇద్దరి ఫోన్లూ ఆపేవాడు, పదకొండింటికి వదిలేవాడు. మేనకోడలు ఆ గంట క్లాసు తన స్నేహితురాలి నోట్సు చూసి రాసుకునేది. ఆ గంటలో నేను చెప్పిన పాఠం స్త్రీవాద కవిత్వం.

నవంబరులో నివర్ తుఫాను వచ్చింది. తీరం దాటింది పుదుచ్చేరి దగ్గరేగానీ మా జిల్లాని వానలు ముంచేశాయి. స్తంభాల మీది తీగలు తెగి పడ్డాయి. డబ్బా మీద ఎర్ర లైటు. ఎల్‌వోఎస్ అని దాని కింద రాసుంటుంది, వెలుతురు అందట్లేదని అర్థం. అది ఎర్రగా వెలిగితే డబ్బాని ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, లోపం తీగలోనో అతుకులోనో ఉన్నట్టు. నేను కంపెనీకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "రిజిస్టర్డ్ నంబరు నించి సార్‌ని చెయ్యమనండి మేడం." సార్ గుంటల గట్లు తెగకుండా ఇసక బస్తాలు వేయిస్తున్నాడు. ఆరు రోజులు పట్టింది.

మరుసటి ఏడు మేలో, కరోనా రెండోసారి ఊళ్ళని ఊడ్చేస్తున్నప్పుడు నేను మళ్ళీ ఊళ్ళో ఉన్నాను. మేనకోడలి ఫోన్‌కి నెట్ రావట్లేదు. "ఫోన్ పాతదైపోయింది" అన్నాడు తమ్ముడు. మరదలూ అదే అంది. పిల్ల కూడా అదే నమ్మి, నెలకి రెండొందలు పెట్టి డేటా వేయించుకుంటోంది. అది క్లాసు సగంలో అయిపోతోంది.

నాకు చేతనైన వరసలో చూశాను. డబ్బా ఆపి వేశాను. ఫోన్‌లో వైఫై పేరు చెరిపి మళ్ళీ కలిపాను. పాస్‌వర్డ్ సరైనదే, అయినా కలవట్లేదు. అదే మెట్టు మీద నా ఫోన్ పెడితే వచ్చింది, కాబట్టి దూరం కాదు. తన ఫోన్‌ని నా ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపితే కలిసింది, కాబట్టి ఫోనూ చెడిపోలేదు. ఇంక మిగిలింది డబ్బా. ఆ అబ్బాయి తెరిచిన పేజీ గుర్తొచ్చింది. చీటీ మీది పాస్‌వర్డ్ ఇంకా మార్చలేదు. లోపల మ్యాక్ ఫిల్టర్ అని ఒకటుంది. ప్రతి ఫోన్‌కీ ఫ్యాక్టరీలోనే వేసే పన్నెండు అక్షరాల గుర్తు ఉంటుంది, ఆ గుర్తుని ఇందులో ఎక్కిస్తే ఆ ఫోన్‌కి తలుపు మూసేసినట్టే. (ఇప్పటి ఫోన్లు ఆ గుర్తుని మార్చి చూపిస్తాయి. పిల్లది నిజంగానే పాత ఫోన్.) పట్టికలో ఒకే ఒక్క వరస ఉంది. పిల్ల ఫోన్ సెట్టింగుల్లో దాని గుర్తు తీసి రెండేసి అక్షరాల చొప్పున చదవమన్నాను. ఆరు జతలూ కలిశాయి. చివరి జత చదివాక తను ఏమీ అడగలేదు.

వరస చెరిపేశాను. నెట్ వచ్చింది.

రాత్రి తమ్ముడు దాచలేదు. "రాత్రి పదైనాక ఎవురితోనో మెసేజీలు. పిల్ల మంచికే చేసినా. నీ క్లాసుకి ఆపినప్పుడు తప్పు లేదే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. గంటసేపు ఆపడం వేరు, నెలల తరబడి చెప్పకుండా ఆపడం వేరు అన్నాను. అంటూనే, ఆ గంటకి పిల్లని నేనూ అడగలేదన్నది నాకు వినిపిస్తూనే ఉంది. నా క్లాసు పెద్దది, తనది చిన్నది అని నేను ఒక్క క్షణంలో తేల్చేసుకున్నాను. నాకంటే చిన్నదీ, నాకు ఎదురు చెప్పనిదీ గనక. మరదలికి ఈ సంగతి ముందే తెలుసట. "చెప్తే ఇంట్లో ఏమవతదో మీకు తెల్దొదినా. ఫోన్ పాతదంటే ఎవురికీ కోపం రాదు" అంది. ఆ మాట మీద నేను కోపం తెచ్చుకోలేకపోయాను.

తెల్లారేసరికి పాస్‌వర్డ్ మారిపోయింది, వైఫైదీ లోపలిదీ కూడా. "పుట్టింటికి వచ్చినదానివి వచ్చినట్టు ఉండక్కా" అన్నాడు. బిల్లు నా ఖాతాలోంచే పోతోందని అనబోయి మానేశాను. పిల్ల డబ్బా వెనక చిన్న రంధ్రం చూపించి, "పిన్నీసుతో నొక్కితే అంతా మొదటికొస్తదంట గదత్తా" అంది. వస్తుంది. కానీ ఫైబర్ డబ్బాల్లో చాలావాటికి కంపెనీ ఇచ్చిన యూజర్ పేరూ సెట్టింగులూ కూడా దాంతోపాటే పోతాయి, మళ్ళీ ఆ అబ్బాయి వచ్చి సార్‌ని అడిగిందాకా ఇంటిల్లిపాదికీ నెట్ ఉండదు. ముందు ఆ వివరాలు కాగితం మీద రాసుకోకుండా నొక్కొద్దన్నాను. నొక్కలేదు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు తమ్ముడే కొత్త పాస్‌వర్డ్ చీటీ మీద రాసి అన్నం కంచం పక్కన పెట్టాడు. రాత్రి పదైతే డబ్బా స్విచ్ ఆపేసేవాడు, అది మాత్రం మానలేదు.

2022లో పాత కంపెనీ మానేసి ఇంకోటి పెట్టించేటప్పుడు, మరదలు తన ఆధార్, తన నంబరు ఇచ్చింది. నేను చెప్పిందేమీ కాదు. సార్ గుంటల దగ్గరున్నప్పుడు ఆ అబ్బాయిని రమ్మంది, అంతే. డబ్బా నడవలో బీరువా మీదకి వచ్చింది. కెమెరాలు ముందు గదిలోకి నిక్షేపంగా వస్తున్నాయి. అమ్మకి ఇంగ్లీషు రాదు. తొంభైల మొదట్లో మా జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు రాత్రి బడిలో, లాంతరు వెలుగులో నేర్చుకున్న తెలుగే. దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా ఆపించిన కథని ఆవిడ ఈనాటికీ పక్కూరి చుట్టాల సంగతి చెప్పినట్టు చెబుతుంది. నేను సెలవులకి వెళ్ళినప్పుడు ఆవిడే పట్టుబట్టి లైట్ల కింద తెలుగు చీటీలు అంటించమంది. కరెంటు. తీగ. వైఫై. ఎర్ర లైటు కింద ఏం రాయాలని అడిగితే, "తెగింది అని రాయి" అంది.

2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను మా తీరం వెంబడే పైకి పోయి, అయిదో తేదీన బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. రెండు రోజులు కరెంటు లేదు. మూడో రోజు పొద్దున తిరుపతికి మరదలి ఫోన్ వచ్చింది.

"కరెంటొచ్చిందొదినా. అత్తమ్మ చీటీ చదివి 'తెగింది' అని చెప్పింది. కంప్లెయింటు నేనే పెట్టినా. సార్‌కి ఫోన్ ఇమ్మన్నాడు."

"ఏమన్నావు?"

"నంబరు నాది, నాకే చెప్పమన్నా. రేపొస్తారంట. పిల్ల ఇంటర్వ్యూ ఎల్లుండి, దానికే భయంగా ఉండాది."