బావిగట్టు తప్పించి, పూర్తి కూలి

బస్సులో వాయల్పాడు అంటేనే కండక్టర్ చప్పున టికెట్ కొడతాడు. రైల్వేస్టేషన్ పేరూ అదే. వాల్మీకిపురం అన్నది కాగితాల మీద మాట. మదనపల్లెలో తిరుపతి బస్సెక్కి గంటలోపే దిగాను. ఊరి బయట ఒక టమోటా తోటలో, ఫిట్సున్న కుర్రాడూ మానసిక జబ్బుతో మందులు వాడే ఒకావిడా రోజూ కూలికి వస్తున్నారని విని వెళ్లాను.

కుర్రాడికి ఇరవై దాటి ఉంటాయి. కాయల కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఏరుతున్నాడు. బాగా ఎర్రబడినవి ఒక క్రేటు, దోరకాయలు ఒక క్రేటు, పుచ్చులూ మచ్చలూ నేల మీదికి. దూరం పోయే లారీకి దోరకాయే ఎక్కాలి, దారిలో పండుతుంది. కాయ చేతిలోకి తీసుకోగానే వేలితో ఒక తిప్పు తిప్పుతాడు, తొడిమ దగ్గర చూస్తాడు, అంతే. నేనూ నాలుగు ఏరాను. అందులో రెండు తీసి పక్క క్రేటులో వేశాడు, నా మొహం చూడకుండానే.

వాళ్లమ్మ ఇంటికి తీసుకెళ్లి క్యాలెండరు చూపించింది. ఫిట్సు వచ్చిన తేదీకి ఎర్ర సిరాతో సున్నా. మొదటి నెలల్లో ఐదూ ఆరూ, తర్వాత ఒకటీ అరా, ఆ తర్వాత తెల్ల కాగితమే. పండగ నెలలో మాత్రం మళ్లీ రెండు సున్నాలు. "మాత్రలు అయిపోయినాయి సామీ, నాలుగు దినాలు చూస్తాంలే అనుకున్నాము" అంది. ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదని ఆమెకు ఆ రెండు సున్నాలే నేర్పాయి. మందులకు బెంగళూరు నిమ్హాన్స్‌కు పోతారు. మందు ఖర్చు కాదట బరువు, ఛార్జీలూ ఇద్దరి కూలీ పోవడమూ.

ఫిట్సు వస్తే ఏం చేస్తారని అడిగాను. "ముందర తాళంచెవి చేతిలో పెట్టేవాళ్లము. ఇప్పుడు పక్కకు తిప్పి పండబెడతాము, నోట్లో ఏమీ పెట్టము." ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి అని కూడా ఆమెకు తెలుసు. చుట్టాలకే ఇంకా తెలియలేదు. నురగ తగిలితే అంటుకుంటుందని నీళ్లు వేరే గ్లాసులో ఇస్తారు. క్షయ నిజంగా అంటుకునే జబ్బు. దానికోసం మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో 1915లోనే శానిటోరియం తెరిచారు. అంటుకోని ఫిట్సుకు ఈనాటికీ గ్లాసు వేరు!

రెండో ఆవిడ సాళ్లలో మొక్కలను పురితాడుతో కట్టెలకు కడుతోంది. ఒకప్పుడు ఆమెను గొలుసుతో కట్టేశారని తోటలోని ఆడవాళ్లే చెప్పారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎవరినీ గొలుసుతో కట్టకూడదు. ఆమె దగ్గర సదరం వైకల్య సర్టిఫికెట్ ఉంది, పింఛను 2024 జూలై నుంచి నెలకు ఆరు వేలు వస్తోంది.

కుర్రాడికి అదీ లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలు చెప్పింది. అందులో మానసిక జబ్బు ఉంది, మూర్ఛ పేరు లేదు. ఫిట్సు రాని రోజు అతను అందరిలాంటివాడే. వచ్చిన రోజు పనికి పోలేడు. ఈ రెండింటి మధ్య మనిషిని చట్టం చూడలేదు, అది తప్పే. మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదనిపించుకోవచ్చన్న మాటను మాత్రం హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. పెళ్లిచూపుల్లో ఆ మాట ఇంకా నడుస్తూనే ఉంది.

తోట రైతు మొదట ఇద్దరికీ సగం కూలే ఇచ్చాడట. ఆ మాట తనే చెప్పాడు, కొంచెం సిగ్గుపడుతూ. "పని చూసినాక మనసొప్పలేదు సామీ. వాణ్ణి బావికాడికి పంపను, ట్రాక్టరు ఎక్కనియ్యను, ఒంటిగా వదలను. ఆయమ్మికి మాత్రల మత్తు పొద్దున పోదు, ఒక గంట ఆలస్యంగా రమ్మంటా. ఆ గంట సాయంత్రం చేస్తాది." ఇప్పుడు అందరితో సమానంగా కూలి. ఇందులో రైతుకు పోయింది ఏమీ లేదు, తోటకు ఇద్దరు మనుషులు దొరికారు. కోతల కాలంలో మనుషులు దొరకడమెంత కష్టమో మదనపల్లె చుట్టుపక్కల రైతుల్ని అడగండి.

మనసు బాగా లేదనిపిస్తే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇక మీ తోటలోనో అంగట్లోనో ఫిట్సున్న మనిషి పని అడిగితే, బావిగట్టూ నిచ్చెనా తప్పించండి. కూలి మాత్రం తగ్గించకండి.