ఆవకాయ మీద నింద

అన్నం తిన్న అరగంటకల్లా పొట్ట పైభాగంలో, రొమ్ము ఎముక కిందుగా మంట. "ఆవకాయ తగ్గించండి" అంది మా ఆవిడ. తగ్గించాను. చారులో మిరియాలు కూడా మాన్పించాను. మంట మాత్రం తగ్గలేదు.

ఇక మందుల షాపు అబ్బాయే నాకు వైద్యుడయ్యాడు. 'గ్యాస్' అంటే చాలు, గులాబీ రంగు సీసా చేతిలో పెట్టేవాడు. తాగిన గంటసేపు హాయి, తర్వాత మళ్లీ మామూలే. అలా నాలుగు నెలలు. ఒకరోజు విరేచనం తారులా నల్లగా అయింది. రాత్రి తిన్న నల్లనువ్వుల పొడి వల్లనేలే అని సర్దిచెప్పుకున్నాను. మర్నాడూ అలాగే అయి కళ్లు తిరిగితే, అప్పుడు పరిగెత్తాను ఆసుపత్రికి.

డాక్టరమ్మ తిండి సంగతి అడగలేదు. "నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా?" అంది.

"లేదండీ."

"మోకాళ్లకి వేసుకుంటారుగా!" అంది మా ఆవిడ.

నిజమే. డైక్లోఫెనాక్, ఏడాదిగా రోజూ, పరగడుపున కాఫీతో. పళ్లు తోముకోవడంలా అలవాటైపోయి, అదీ ఒక మందేనన్న సంగతే మరిచాను.

ఎండోస్కోపీలో పుండు కనపడింది. ఆమ్లం తగలకుండా జీర్ణాశయం గోడకి జిగురు పొర ఉంటుందట. దాన్ని నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి మాత్ర వాటి తయారీకే అడ్డుపడుతుంది. అందుకే తిన్నాక వేసుకున్నా ముప్పు పూర్తిగా పోదు.

హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కోసం కూడా చూశారు, లేదు. పుండ్లకి అది పెద్ద కారణమని చూపినందుకే మార్షల్, వారెన్‌లకి 2005లో నోబెల్ వచ్చింది. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాని స్వయంగా తాగి జబ్బు తెచ్చుకున్నాడు. ఆయన తెలిసి మింగి లోకానికి మేలు చేశాడు. నేను తెలియక మింగి ఆవకాయని ఆడిపోసుకున్నాను.

మంట గొంతులోకి ఎగదన్నితే ఆమ్లం పైకి తన్నడం కావచ్చు. నూనె వంటలు తిన్నాక కుడి డొక్క కింద పోటు వస్తే పిత్తాశయంలో రాళ్లు కావచ్చు. చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే గుండె కావచ్చు, క్షణం ఆగకూడదు. వీటన్నిటికీ మన ఇళ్లలో పేరు ఒక్కటే: గ్యాస్.

పుండు మానింది. ఆవకాయ జాడీ మూత మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మాత్రలన్నీ సంచిలో తీసుకెళ్లి బల్లమీద గుమ్మరిస్తాను. అడిగితే మళ్లీ "లేదండీ" అనేస్తానేమోనని భయం.